సమాధానం: లోడ్ పెరిగినా క్లస్టర్ పెరగట్లేదు (ఓపెన్‌స్టాక్, రాయగడ)

రాయగడ సోదరా, మూడు హోస్టుల (భౌతిక సర్వర్ల) ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్)లో, టెంప్లేట్ చూసి వర్చువల్ మెషీన్లు (వీఎమ్‌లు) పుట్టించే హీట్‌తో టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) క్లస్టర్ పెట్టారు, లోడ్ పెరిగితే కొత్త వీఎమ్ పుట్టించాల్సిన అలారం మాత్రం ‘ఇన్‌సఫిషియెంట్ డేటా’ (కొలతలు చాలవు) దగ్గరే కూర్చుంది. హీట్ తప్పేం లేదు. మీ టెంప్లేట్‌లో గ్రాన్యులారిటీ (అలారం ఎన్ని సెకన్లకోసారి కొలత ఆశిస్తుందో అది) 60 ఉంది. కొలతలు సేకరించే సీలోమీటర్ మామూలుగా 300 సెకన్లకోసారే కొలత పంపుతుంది. గ్రాన్యులారిటీనీ 300 చేయండి. అంత ఆలస్యం కుదరదంటే సీలోమీటర్ పోలింగ్ (కొలిచే) విరామాన్నీ, కొలతలు దాచే న్యోకీ (Gnocchi) ఆర్కైవ్ పాలసీనీ కూడా 60కి దించాలి, ఒక్కటి మారిస్తే చాలదు.

అసలు తిరకాసు థ్రెషోల్డ్ (అలారం మోగే హద్దు) 70 దగ్గరుంది. పాత ‘సీపీయూ యుటిల్’ (సీపీయూ వాడకం శాతం) మెట్రిక్ ఓపెన్‌స్టాక్ స్టీన్ విడుదలతోనే పోయింది. ఇప్పటి ‘సీపీయూ’ శాతం కాదు, వాడిన నానోసెకన్ల మొత్తం. అగ్రిగేషన్ ‘రేట్:మీన్’ (ఒక్కో విరామంలో పెరిగినదాని సగటు) పెట్టి లెక్క కట్టండి: 300 సెకన్లు × 2 వీసీపీయూలు (వీఎమ్‌కిచ్చిన వర్చువల్ ప్రాసెసర్లు) × 0.7 = 420 సెకన్లు, అంటే 420000000000 నానోసెకన్లు. ఇక్కడ 70 ఉంచితే ఖాళీగా ఉన్న వీఎమ్ కూడా అలారం మోగిస్తుంది.

కూల్‌డౌన్ (ఒక వీఎమ్ పెంచాక మళ్లీ పెంచేలోపు ఆగే సెకన్లు) 60 మరీ తక్కువ. కొత్త వీఎమ్‌లో జావా లేచేటప్పుడే సీపీయూ నిండిపోతుంది, సగటు పెరుగుతుంది, ఇంకొకటి పుడుతుంది. అలా మాక్స్ సైజు (గరిష్ఠ వీఎమ్‌ల సంఖ్య) దాకా పోతుంది. 600తో మొదలుపెట్టండి.

వీఎమ్‌లు తగ్గించేటప్పుడు జనం లాగౌట్ కాకూడదంటే సెషన్లు (లాగిన్ వివరాలు) వీఎమ్‌లో కాక రెడిస్ అనే విడి డేటా స్టోర్‌లో ఉంచండి.

కరెంటు పోయి ఒక హోస్టు పడుకుంటుందన్నారు కదా, మాక్స్ సైజు మిగతా రెండూ మోయగలిగినంతే పెట్టండి. సర్వర్ గ్రూపుకి సాఫ్ట్ యాంటీ అఫినిటీ (వీలైనంతవరకు వీఎమ్‌లను వేర్వేరు హోస్టుల్లో పెట్టే నియమం) ఇవ్వండి, లేదంటే అన్నీ ఒకే హోస్టు మీద చేరొచ్చు.