‘ఇక వెనక్కి’ అనే మాట ఎవరిది?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. దసరా రోజు కృష్ణలో కనకదుర్గమ్మ ఊరేగే హంస వాహనం చూద్దామని ఆయన, నేను, అత్తగారు, 7 ఏళ్ల బాబు దుర్గా ఘాట్‌కి వెళ్లాం. జనం వీపులు తప్ప ఏమీ కనపడలేదు. అత్తగారు మోకాళ్ల నొప్పితో డివైడర్ మీద కూలబడ్డారు. బాబు 20 నిమిషాలు కనపడకుండా పోయాడు. ఇంటికొచ్చాక ఆయన ‘కష్టపడి తీసుకెళ్తే ఒక్కళ్ల మొహంలో సంతోషం లేదు’ అన్నారు. ‘నేను ముందే చెప్పాను’ అన్నాను. వారం నుంచి మాటల్లేవు. బుక్ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా ఇదే వరస. ఇక ఎక్కడికీ వెళ్లకపోవడమే మంచిదా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. మీరు నలుగురూ వెళ్లింది ఒకే చోటికి, ఒకే పని మీద మాత్రం కాదు. అత్తగారికి అమ్మవారు కావాలి. అందరూ చూసేది తన ఇంటివాళ్లూ చూడాలని మీవారి పట్టుదల. బాబుకి దీపాలు, బెలూన్లు చాలు. మీకు ఒక పూట వంటింటి నుంచి సెలవు కావాలి (పులిహోర కలిపి, నీళ్ల సీసాలు నింపి, అందరికంటే ఆఖర్న చీర మార్చుకున్నది మీరే అయ్యుంటారు). అంత రద్దీలో ఈ నాలుగూ తీరవు. ఎవరో ఒకరు ‘ఇక వెనక్కి’ అనాలి. అన్నవాళ్లే పండగ పాడుచేశారన్న నింద పడుతుంది కాబట్టి ఎవరూ నోరు విప్పరు. అత్తగారు కూలబడేదాకా వచ్చింది అందుకే.

ఈసారి ఇంటికి తాళం వేసే ముందే ఆ మాట ఎవరిదో తేల్చుకోండి. బాబు చెయ్యి పట్టుకున్నవాళ్లదైతే మేలు. గుర్తులు కూడా ముందే అనుకోండి: అత్తగారు ఒక్కసారి కూర్చోవడానికి చోటు వెతికినా, బాబు రెండోసారి ‘ఎత్తుకో’ అన్నా వెనక్కే. ఎందుకని అప్పుడు అడగకూడదు. ‘నేను ముందే చెప్పాను’ అన్నది కూడా మర్నాటి కాఫీ దాకా నిషేధం. మీకూ, ఆయనకూ.

ఇంకో గుర్తుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చదరపు మీటరులో ఐదారుగురికి మించి ఇరుక్కుంటే మనిషి తన ఇష్టప్రకారం కదల్లేడు. నాలుగు వైపులా భుజాలు తగులుతూ, మీరు అడుగు వేయకుండానే ఒళ్లు ముందుకు పోతుంటే అది ప్రమాదం. చేతులు గుండెల ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. చెప్పు జారితే వంగకండి. ఎదురు నెట్టకుండా, తోపు కాస్త తగ్గినప్పుడల్లా ఏటవాలుగా అంచుకి జరగండి.

బాబు విషయం. గుమ్మంలోనే ఆ రోజు బట్టలతో తలనుంచి కాళ్ల దాకా ఒక ఫోటో తీయండి. మణికట్టు మీద రాసిన ఫోన్ నంబరు చెమటకి పోతుంది, జేబులో కూడా ఒక చీటీ పెట్టండి. ఉత్సవాల్లో పోలీసులు పిల్లల చేతికి ట్యాగులు కడుతుంటారు, అడిగి కట్టించుకోండి. ‘తప్పిపోతే కదలకు, యూనిఫాంలో ఉన్నవాళ్లకి గానీ పిల్లల్ని ఎత్తుకున్న ఆంటీకి గానీ చెప్పు’ అని నేర్పండి. కనపడలేదని తెలిసిన చోటే పెద్దవాళ్లలో ఒకరు నిలబడిపోవాలి, ఇంకొకరు పోలీసు ఔట్‌పోస్టుకి వెళ్లాలి, లేదా 112కి చేయాలి. ఇద్దరూ చెరోవైపు పరిగెడితే పిల్లవాడు తిరిగొచ్చినా అక్కడ ఎవరూ ఉండరు. అంత జనంలో ఫోన్లు కలవవు. అందుకని కలిసే చోటు ముందే చూపించుకోండి. ‘ఘాట్ దగ్గర’ అంటే చోటు కాదు. ఫలానా కొట్టు బోర్డు కింద అంటే చోటు.

అత్తగారి దర్శనాన్ని పండగ సందడితో కలపకండి. మూలా నక్షత్రం రోజు, సరస్వతీ అలంకారం, క్యూ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. దసరా మర్నాడు ఖాళీ అనుకుంటారు చాలామంది, కానీ అమ్మవారి దీక్షలో ఉన్న భవానీలు అప్పటికీ వస్తూనే ఉంటారు. ఇంకో వారం ఆగి, మామూలు రోజు పొద్దున్నే తీసుకెళ్లండి. మహామండపం దగ్గర లిఫ్టు ఉంది, మెట్ల బాధ తప్పుతుంది. ఇక హంస వాహనమంటారా, కృష్ణలో వరద ఎక్కువగా ఉన్న ఏడు నదిలో తిప్పకుండా ఒడ్డునే పూజలు జరిపిస్తారు. ఆ మధ్యాహ్నం వార్తలు చూసుకుని బయల్దేరాలి. ఆవిడకి టీవీలో ప్రత్యక్ష ప్రసారం పెట్టి ఇంట్లో ఉంచడం తప్పేమీ కాదు.

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. వచ్చేటప్పుడు జనం నాలుగు గంటల పాటు కొద్దికొద్దిగా వస్తారు, పోయేటప్పుడు అందరూ ఒక్కసారే లేస్తారు. ఐపోవడానికి పావుగంట ముందైనా లేవండి, లేదా అందరూ వెళ్లేదాకా 45 నిమిషాలు ఓ పక్కన కూర్చుని ఆ పులిహోర తినండి. బండి ఘాట్‌కి దగ్గరగా కాదు, మీ ఇంటి వైపు పెట్టుకోండి. బుక్ ఎగ్జిబిషన్‌కి ఆదివారం మాని వారం మధ్యలో, తెరవగానే వెళ్తే సగం గొడవ ఉండదు.

మాటలు కలపడానికి ఆ రోజు తప్పెవరిదో తవ్వకండి. ఈ రాత్రి భోజనాల దగ్గర, ఆయన ఉన్నప్పుడే, ముందు బాబుని అడగండి. ఆ 20 నిమిషాలు వాడు ఎక్కడ నిలబడ్డాడో, ఏం చూశాడో ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు.