మీ ప్రశ్నలు – మా జవాబులు: స్విట్జర్లాండ్ సరిహద్దులు

ప్రశ్న: స్విట్జర్లాండ్, ఇటలీల మధ్య హద్దు జరిగిందని చదివాం. కొండలు కదలవు కదా, మరి హద్దు ఎలా జరిగింది?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొండ ఎక్కడిదక్కడే ఉంది. దాని మీది మంచు కరిగింది.

ఆ రెండు దేశాల సరిహద్దు సుమారు 800 కిలోమీటర్లు. ఆల్ప్స్ ఎత్తుల్లో చాలాచోట్ల జలవిభాజక రేఖనే, అంటే నీరు ఇటూ అటూ విడిపోయి పారే ఎత్తైన గీతనే, హద్దుగా ఒప్పుకున్నారు. మాటర్‌హార్న్ శిఖరం పక్కనున్న థియోడుల్ హిమానీనదం దగ్గర ఉత్తరపు వాలు నీరు జెర్మాట్ ఊరి మీదుగా రోన్ నదిలో కలుస్తుంది, అది స్విట్జర్లాండ్ వైపు. దక్షిణపు వాలు నీరు పో నదికి చేరుతుంది, అది ఇటలీ వైపు.

రాతి శిఖరం మీద ఈ రేఖ ఇప్పట్లో మారేది కాదు. మంచు పరుచుకున్న చోట మాత్రం మంచుపైన ఎత్తుగా ఉన్న గీతే హద్దు. మంచు పలచబడితే ఆ గీత పక్కకు జరుగుతుంది. మొత్తం పోతే అడుగున రాయి ఎటు వాలితే అటే లెక్క. అక్కడ సరిహద్దు రాయి పాతినా నిలవదు, హిమానీనదం మెల్లగా పారుతూనే ఉంటుంది మరి.

చిక్కు వచ్చింది 3,480 మీటర్ల ఎత్తున, టెస్టా గ్రిజియా దగ్గర. 1984లో అక్కడి రాతి మీద కట్టిన పర్వతారోహకుల విడిది అప్పట్లో పూర్తిగా ఇటలీదే. మంచు తగ్గేసరికి గీత భవనం మీదికొచ్చి, మంచాల్లో ఎక్కువ భాగం, భోజనశాలలో కొంత స్విట్జర్లాండ్ వైపు తేలాయి. మరమ్మతులకు అనుమతి ఇవ్వాల్సింది ఎవరో తేలక పని ఆగింది! కొత్త హద్దుకు ఇరుదేశాల సంయుక్త సంఘం 2023లో ఒప్పుకుంది, స్విస్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదించింది.

ప్రశ్న: బూసింగెన్ జర్మనీ ఊరే అయినా చుట్టూ స్విస్ నేలే అంటారు. ఒకసారి ప్రవేశానికే పనికొచ్చే షెంగెన్ వీసాతో వెళ్లి రావచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా వెళ్లిరండి. రెండు దేశాలూ షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) ఉన్నాయి కాబట్టి ఇటు అటు తిరిగినా వీసా ఖర్చయిపోదు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి. పొరపాటు జరిగేది సామాను దగ్గర: స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, బూసింగెన్ స్విస్ కస్టమ్స్ పరిధిలోకి వస్తుంది. మిగతా జర్మనీలో కొని తెచ్చే సరుకు విలువ మనిషికి 150 స్విస్ ఫ్రాంకులు దాటితే స్విస్ పన్ను కట్టాలి. 2024 వరకు ఈ పరిమితి 300 ఉండేది, పాత గైడ్‌పుస్తకాలను నమ్మకండి.