నాన్నకు పెట్ స్కాన్ రాశారు.. ఆ ఇంజెక్షన్ వల్ల ఇంట్లో పాపకు ప్రమాదమా?

ప్రశ్న: నాన్నకు 61 ఏళ్లు. మెడ దగ్గర గడ్డకు బయాప్సీ చేసి లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అన్నారు. హైదరాబాద్‌లో పెట్ సీటీ చేయించమన్నారు. రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కిస్తారట. ఆయనకు పదేళ్లుగా షుగర్ ఉంది, ఇవ్వొచ్చా? మూడేళ్ల మా పాప తాతయ్యను వదలదు. తనకేమైనా అవుతుందా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు షుగర్ సంగతి. గ్లూకోజ్ అనగానే మీకు సెలైన్ సీసా గుర్తొచ్చి ఉంటుంది. ఇది అది కాదు. ఎఫ్‌డీజీ అనే ఈ మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, దాంతో షుగర్ పెరగదు. అసలు చిక్కు ఏంటంటే, రక్తంలో అప్పటికే షుగర్ ఎక్కువగా ఉంటే కణాలు దాన్నే తీసుకుంటాయి, మన మందు సరిగా లోపలికి పోదు, స్కాన్ మసకగా వస్తుంది. అందుకే 200 లోపు ఉండాలంటారు.

ఎఫ్‌డీజీని కణం గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటుంది కానీ పూర్తిగా వాడుకోలేదు, అది అక్కడే ఇరుక్కుపోతుంది. లింఫోమా కణాలకు ఆకలెక్కువ కాబట్టి వాటిలో ఎక్కువ పేరుకుంటుంది. దానికి తగిలించిన ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కు వ్యతిరేక కణం) పక్కనున్న ఎలక్ట్రాన్‌ను తాకి, రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో పోతాయి, ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకున్న మెషీన్ అవి ఎక్కణ్నుంచి వచ్చాయో లెక్కగడుతుంది. గడ్డ ఎంతుందో సీటీ చెబుతుంది, అందులో జబ్బు చురుగ్గా ఉందో లేదో పెట్ చెబుతుంది. కీమో తర్వాత గడ్డ కొంచెం మిగిలినా అది ఉత్త మచ్చేనా అని తేల్చేది కూడా ఇదే, అందుకే ఇప్పటి స్కాన్ జాగ్రత్తగా దాచిపెట్టండి.

ఇక పాప గురించి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ఉదయం 10కి ఇంజెక్షన్ ఇస్తే రాత్రి 9కి మిగిలేది రెండు శాతం కన్నా తక్కువ, అదీ మూత్రంలో పోయింది లెక్కలో వేసుకోకుండానే. కాబట్టి పాపను సెంటర్‌కు తీసుకెళ్లొద్దు, ఆ సాయంత్రం వరకు ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, మర్నాడు మామూలే. ఇంట్లో గర్భిణులుంటే వాళ్లూ ఇలాగే దూరంగా ఉండాలి. నాన్నగారు నీళ్లు బాగా తాగాలి, బాత్రూమ్‌లో రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఆయనకు అందే రేడియేషన్‌లో ఇంజెక్షన్ వాటా సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత), పైన సీటీ వాటా. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 అందుతుంది. తక్కువేం కాదు, కానీ లింఫోమా ఎక్కడిదాకా పాకిందో తెలియకుండా కీమో మొదలుపెట్టడం కన్నా ఇదే నయం.

ముందు రోజు బరువు పనులు, వాకింగ్ వద్దు. ఆరు గంటలు ఖాళీ కడుపు, ఉత్త నీళ్లు తప్ప కొబ్బరినీళ్లు, టీ, వక్కపొడి ఏవీ వద్దు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకుంటుంటే స్కాన్‌లో పేగులు వెలిగి గందరగోళం అవుతుంది, రెండు రోజుల ముందు ఆపాలేమో, ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్నే అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు కదలకుండా పడుకోవాలి. ఫోన్‌లో ముచ్చట్లు కూడా వద్దు, వాడిన కండరం కూడా వెలుగుతుంది.

రిపోర్టు రాగానే ఫొటోలు వాట్సాప్‌లో బంధువులకు పంపి టెన్షన్ పెంచుకోకండి. మెదడు, మూత్రాశయం అందరికీ వెలుగుతాయి, టీబీ ఉన్నా వెలుగుతుంది.

ఇంకోటి, ఈ మందు నిల్వ ఉండదు, టైమ్ చూసుకుని తెప్పిస్తారు, లేటైతే వృథా. ఖమ్మంలో బయల్దేరే ముందే షుగర్ చూడండి, 200 దాటితే సెంటర్‌కు ఫోన్ చేసి అడిగాకే బస్సెక్కండి.