ఫిరంగి ప్లేటు, బాపు స్టిక్కరు

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాలే జెండాలు, నినాదాలున్న నంబర్ ప్లేట్లు ఇస్తాయట, అది సబబేనా అని అడిగారు. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కన పన్నెండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా. నా కారుకు మామూలు ప్లేటే. ఏటా అదనంగా డబ్బు కట్టే సరదా నాకు లేదు.

మా బాపు, అంటే నాన్న, వరంగల్ నుంచి వచ్చినప్పుడు ఓ శనివారం ఇండియన్ స్టోర్‌కు వెళ్లాం. అక్కడ పార్కింగ్ దొరకడమే గగనం, అది వేరే గోల. ఓ పికప్ ట్రక్కు వెనక బాపు ఆగిపోయాడు. ప్లేటు మీద చుక్క, ఫిరంగి, కింద "కమ్ అండ్ టేక్ ఇట్".

"గిది సర్కారు ఇచ్చిందేనారా?"

ఇంతలో ట్రక్కాయన వచ్చి కథంతా చెప్పాడు. కొమాంచీ అనే స్థానిక తెగ దాడుల నుంచి కాపాడుకొమ్మని 1831లో, అప్పట్లో టెక్సాస్‌ను ఏలుతున్న మెక్సికో ప్రభుత్వం ఇక్కడి గొంజాలెస్ ఊరికి ఓ ఫిరంగి ఇచ్చింది. 1835లో తిరిగిమ్మని సైన్యాన్ని పంపితే, ఊరివాళ్లు "దమ్ముంటే వచ్చి తీసుకోండి" అని జెండా ఎగరేశారు. నేను తెలుగు చేసి చెప్తుంటే సంచిలో ఫ్రోజెన్ పరోటాలు మెత్తబడిపోతున్నాయి.

ఇదే టెక్సాస్, అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా ప్లేటు కావాలంటే మాత్రం కుదరదంది. అడిగినవాళ్లు కోర్టుకెక్కారు. ప్లేటు మీది మాట ప్రభుత్వం మాటే, వద్దనే హక్కు దానికుందని 2015లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. నాకైతే అదే న్యాయం. బానిసత్వం కోసం పోరాడినవాళ్ల జెండాను సర్కారు ముద్రేసి ఎందుకివ్వాలి? అంత ముచ్చటైతే బంపర్ మీద స్టిక్కర్ వేసుకోండి, ఎవరొద్దన్నారు?

బాపు ఇవేవీ పట్టించుకోలేదు. "పైసలు కడితే సర్కారే ఇస్తదా!" అని దారంతా అదే మాట. తెలంగాణ ఉద్యమంలో తన బండి నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాయించుకున్నందుకు హన్మకొండ చౌరస్తాలో ఫైన్ కట్టిన మనిషి మరి. తీరా రాష్ట్రం వచ్చాక టీఎస్ అన్నారు. టీజీ వచ్చేసరికి 2024 మార్చి అయింది, అదీ కొత్త బండ్లకే. బాపు స్కూటర్ 2022లో కొన్నది, దాని మీద టీఎస్సే ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ ఎస్ మీద జీ స్టిక్కర్ అంటిస్తే ఏమైతది?" అంటాడు. మళ్లీ ఫైన్ పడుతుంది బాపూ అంటే వినడు.