ఆసుపత్రికి తీసుకెళ్తే మావాడి మీద కేసు పెడతారా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. మా గుంటడికి ఇరవై ఏళ్లు. ఆర్మీకి వెళ్తానని తెల్లారకుండానే లేచి రన్నింగ్ ప్రాక్టీసుకి పోయేవాడు. ఏడాది నుంచి స్నేహితులతో గంజాయి అలవాటైంది. మూడు నెలల కిందట టీ బడ్డీ దగ్గర నిల్చున్న ఐదారుగురు కుర్రాళ్లను పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లి, కప్పుల్లో మూత్రం పోయించి కిట్‌తో టెస్టు చేశారు. ఫొటోలు తీసి రాత్రి పదకొండింటికి వదిలారు. కేసు పెట్టలేదు గానీ, ఈసారి దొరికితే జైలే అన్నారు. ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసింది. అప్పటి నుంచి గంజాయి మానేశాడనుకున్నాను. మొన్న చూస్తే మోచేతి దగ్గర నిమ్మకాయంత గడ్డ. గట్టిగా అడిగితే ఏడ్చాడు. గంజాయి టెస్టులో చాలా రోజులు దొరుకుతుందని, ఇంజెక్షన్ అయితే తొందరగా పోతుందని ఎవరో చెప్పారట. ఆసుపత్రికి రమ్మంటే రాడు. డాక్టరు పోలీసులకి చెప్పేస్తాడని భయం. నిజంగా కేసు పెడతారా? వాడి ఉద్యోగం ఆశ పోయినట్టేనా?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు కుర్రాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే. మత్తుకి అలవాటుపడిన మనిషి వైద్యానికి వచ్చాడని పోలీసులకి కబురు చెప్పాల్సిన బాధ్యతను చట్టం ఏ డాక్టరు మీదా పెట్టలేదు. ఏ నేరాల గురించి తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 33వ సెక్షన్‌లో జాబితా ఉంది. హత్య, దోపిడీ లాంటివి అందులో ఉన్నాయి. మత్తుమందు వాడటం లేదు. పైగా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితిని జబ్బుగానే లెక్కలోకి తీసుకుంది. కొన్ని మినహాయింపులు తప్ప, రోగి వివరాలు బయటపెట్టకూడదని అదే చట్టం 23వ సెక్షన్ చెబుతోంది.

ఒక్క సందర్భం మాత్రం మీకు దాచకుండా చెప్పాలి. స్పృహ లేని స్థితిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకి తెలపాల్సిన కేసుగా రాసి ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకి సమాచారం పంపే అవకాశం ఉంది. అలా రాసుకున్నంత మాత్రాన మీవాడి మీద నేరం మోపినట్టు కాదు. ఆ భయంతో మనిషిని ఇంట్లో పడుకోబెట్టుకోకండి. కాగితాల పని తర్వాత, ప్రాణం కాపాడటం ముందు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో డాక్టర్లందరికీ చెప్పింది. ఇప్పుడు మీవాడు నడిచి వెళ్లగలిగే స్థితిలో ఉన్నాడు. నడిచే వెళ్లనివ్వండి.

ఇక చట్టం సంగతి. మత్తు పదార్థాల చట్టం, అదే అందరూ ఎన్‌డీపీఎస్ అనేది, 1985లో వచ్చింది. అందులో 27వ సెక్షన్ ప్రకారం వాడటం కూడా నేరమే. గంజాయి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. డాక్టరు చీటీ లేకుండా తీసుకునే పెంటజోసిన్, బుప్రెనార్ఫిన్ లాంటి ఇంజెక్షన్లు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. స్టేషన్‌లో మీవాడికి చెప్పింది ఇంతవరకే. చెప్పనిది 64-ఎ సెక్షన్. 1989లో దీన్ని చేర్చి 2001లో మార్చారు. మత్తుకి బానిసైన మనిషి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోగానీ చేరి వైద్యం చేయించుకుంటే, వాడినందుకుగానీ, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకుగానీ అతణ్ని ప్రాసిక్యూట్ చేయకూడదు, అంటే కోర్టులో కేసు నడపకూడదు. గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో వరకు. వైద్యం మధ్యలో మానేస్తే మాత్రం ఈ రక్షణ పోవచ్చు.

ముంబైలో కొకైన్ కేసు ఎదుర్కొన్న ఒక హిందీ సినిమా నటుడికి 2012లో కోర్టు ఈ సెక్షన్ కిందే విముక్తి ఇచ్చింది. ఆయన ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం పూర్తి చేసినట్టు కాగితాలు చూపించారు. సినిమావాళ్ల లాయర్లకి తెలిసిన సెక్షన్ మన పల్లెల్లో కూలి చేసుకునే తల్లికి తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగించే సంగతి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ కాగితాల విలువ నేను కళ్లారా చూశాను. యాభై, అరవై గ్రాముల గంజాయితో పట్టుబడిన ఒక కుర్రాడి కేసులో, వాళ్లమ్మ కోర్టు వరండాలో కొంగు ముడి విప్పి నాలుగు మడతల ఓపీ చీటీ తీసింది. చెమటకి సిరా అలుక్కుపోయింది గానీ తేదీ కనిపిస్తోంది. అరెస్టుకి పదకొండు రోజుల ముందుది. పోలీసులు పట్టుకోకముందే వాడు డాక్టరు దగ్గరకి వెళ్లాడనడానికి మాకున్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని పట్టుకునే 64-ఎ కింద అర్జీ వేశాం. కాబట్టి ఓపీ చీటీ, మందుల చీటీ, డిశ్చార్జి కాగితం ఏదీ పారేయకండి. ఒక్కోదానికి జిరాక్సు తీసి విడిగా పెట్టుకోండి.

మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని మాట ఇంజెక్షన్ గురించి వాడు చెప్పింది. టెస్టులో దొరక్కూడదని గంజాయి వదిలి సూది పట్టుకున్నాడు. గంజాయి మంచిదని నేననను. దానివల్ల మతి చెడినవాళ్లని కూడా చూశాను. కానీ ఒకరు వాడిన సూది ఇంకొకరు వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్-సి రావచ్చు. మోతాదు మించితే అక్కడికక్కడే ఊపిరి ఆగిపోవచ్చు. కుర్రాళ్లని బెదిరిస్తే అలవాటు మానేస్తారన్న ఆలోచన ఇలాంటి చోటే దెబ్బతింటుంది. పోలీసు భయం ఉన్న చోట వాడేవాళ్లు తుప్పల్లోకి, పాడుబడిన షెడ్లలోకి పోతారు. ఉన్న ఒక్క సూదినే నలుగురూ పంచుకుంటారు. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి పెట్టుకున్న కొద్దిపాటి సరుకుని జైలు నేరాల్లోంచి తీసేసి, దొరికినవాణ్ని కోర్టుకి కాకుండా వైద్యులూ కౌన్సెలర్లూ ఉండే కమిటీ ముందుకి పంపడం మొదలుపెట్టింది. వైద్యమూ, సూదుల మార్పిడీ కూడా పెంచింది. మత్తుమందు వాడేవాళ్లలో కొత్తగా హెచ్ఐవీ సోకడం అక్కడ బాగా తగ్గింది.

మన దేశంలోనూ ఆ దిశగా ఒక అడుగు పడింది. 2017 హెచ్ఐవీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, సూది వాడేవాళ్లకి పాత సూది తీసుకుని శుభ్రమైనది ఇచ్చే కార్యక్రమం నేరం కాదు. ఇచ్చినవారి మీదా, తీసుకున్నవారి మీదా కేసు ఉండదు. కానీ వైద్యం అందరికీ చేరడం లేదు. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వేలో, నిషేధిత మత్తుమందులకి బానిసలైన ప్రతి 20 మందిలో ఒక్కరే ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినట్టు తేలింది. మిగతా 19 మందిలో మీవాడిలాగా భయపడి ఆగిపోయినవాళ్లు ఎందరుంటారో ఆలోచించండి.

ఆ మూత్రం టెస్టు గురించి. సురక్షా సంహిత 51వ సెక్షన్ ప్రకారం, అరెస్టయిన వ్యక్తికి, పోలీసుల కోరిక మీద రిజిస్టర్డ్ డాక్టరు వైద్య పరీక్ష చేయవచ్చు. బడ్డీ దగ్గర నిల్చున్నవాళ్లని, అరెస్టు లేకుండా, డాక్టరు లేకుండా బలవంతంగా కప్పులో పోయించమని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు. కిట్ మీద గీత వచ్చినంత మాత్రాన కోర్టులో నేరం రుజువైనట్టూ కాదు. ఫొటో బయటికి వదలడం అంతకన్నా పెద్ద తప్పు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి చెప్పింది. మీకు ధైర్యం ఉంటే సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఆ ఫొటో ఏ గ్రూపులో, ఏ తేదీన వచ్చిందో స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఇది రెండు వారాలు ఆగినా ఫరవాలేదు. చెయ్యి ఆగదు.

మళ్లీ స్టేషన్‌కి పిలిస్తే, మత్తు వాడటం ఏడేళ్లలోపు శిక్ష పడే నేరం కాబట్టి మామూలుగా సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. తెల్ల కాగితాల మీద సంతకం పెట్టొద్దని వాడికి చెప్పండి. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కస్టడీలో ఉన్నవాళ్లకీ ఉంది. విజయనగరం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇంకో మాట, ఇది మాత్రం వాణ్ని కూర్చోబెట్టి చెప్పండి. ఎవరైనా ‘ఈ బ్యాగు ఎస్.కోట నుంచి రైల్వే స్టేషన్ దాకా తెచ్చిపెట్టు, రెండు వేలిస్తాం’ అంటే ముట్టుకోవద్దు. గంజాయి 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు. అప్పుడు 64-ఎ పనిచేయదు, అదే ఎన్‌డీపీఎస్ చట్టం 37వ సెక్షన్ వల్ల బెయిలూ కష్టం. సరుకు యజమానికీ, మోసిన కుర్రాడికీ చట్టం ఒకటే లెక్క వేస్తుంది. నేను చూసినంతలో దొరికేది మోసినవాడే.

ఉద్యోగం ఆశ పోలేదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటిదాకా వాడి మీద ఎఫ్ఐఆర్ లేదు. స్టేషన్‌లో కూర్చోబెట్టి వదిలేయడం కేసు కాదు. రేపు ఎప్పుడైనా కేసు నమోదైతే మాత్రం దరఖాస్తులో దాచకూడదు. కేసు కన్నా దాచడమే ఎక్కువమంది ఉద్యోగాలు పోగొడుతోంది.

వాణ్ని గొలుసులతో కట్టేసే, కొట్టి మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాలకి అప్పగించకండి. గొలుసు వేయడాన్ని మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. పైగా 64-ఎ వర్తించాలంటే వాడు ఇష్టపడి వెళ్లాలి. ఈ జవాబు వాడికే చదివి వినిపించండి. వాడు ఇంకా వెనకాడితే 14446కి ఫోన్ చేసి మాట్లాడమనండి. అది మత్తు విముక్తి కోసం ఉన్న ఉచిత నంబరు.

విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో ముందు సర్జరీ ఓపీలో గడ్డ చూపించండి, తర్వాత మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. సూది వల్ల వచ్చిందని డాక్టరుకి దాచకుండా చెప్పాలి, లేకపోతే వైద్యం తప్పుతుంది. ఏ మందో పేరు తెలిస్తే కాగితం మీద రాసుకెళ్లండి, ఇంట్లో సూదులు కనిపిస్తే ఉత్త చేతులతో ముట్టుకోకండి. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా అడగండి. గడ్డ ఎర్రబడి జ్వరం తగిలితే ఓపీ టైము కోసం చూడకుండా రాత్రయినా 108కి ఫోన్ చేయండి.