సమాధానం: పాప రంగులు సరిగ్గానే వేస్తోంది, కూడిక అడిగితే తెల్లమొహం వేస్తోంది

బొమ్మలో ప్రతి భాగానికీ ఓ కూడిక ఉండి, జవాబును బట్టి రంగు వేయాల్సిన షీట్ల గురించి అడిగారు కదా. మీ పాప కూడట్లేదు, బొమ్మ చూసి రంగు ఊహిస్తోంది. చిలుక అనగానే ఆకుపచ్చ. ఇక 4+3 వైపు ఎందుకు చూస్తుంది?

1. ఊహకు అందని బొమ్మ ఇవ్వండి. బతుకమ్మకు గునుగు పూలకు మనం రకరకాల రంగులు అద్దుతాం కదా, ఆ వరుసలే గీయండి. తంగేడు వద్దు, పసుపని ఇట్టే చెప్పేస్తుంది.

2. పువ్వుకో కూడిక రాయండి: 6+4, 7+3, 8+2, మధ్యమధ్యలో 5+4, 6+3.

3. చాలామంది వదిలేసేది ఇదే. ముందు క్రేయాన్లు దాచేయండి. అన్ని పువ్వుల్లో జవాబు పెన్సిల్‌తో రాశాకే "10కి ఎరుపు, 9కి నీలం" అని చెప్పండి. ముందే చెబితే మళ్లీ ఊహే. తప్పు రాస్తే కోప్పడకండి, చింతగింజలిచ్చి లెక్కపెట్టుకోమనండి.

చివర్లో ఎర్ర పువ్వుల్లోని కూడికలన్నీ పైకి చదివించండి. 10 ఎన్ని రకాలుగా వస్తుందో తనకే తెలుస్తుంది.