ఖాళీలను కాదు, స్థానాలను లెక్కపెట్టండి

ప్రశ్న: భూగోళశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం అమెరికా వాతావరణ సంస్థ నోవా ఉచితంగా ఇచ్చే జీహెచ్‌సీఎన్ (ప్రపంచ వాతావరణ కేంద్రాల కొలతల సంకలనం) రోజువారీ టెక్స్ట్ ఫైలు దింపుకున్నాను. ప్రతి నెలా 15వ తేదీన కురిసిన వాన ఎంతో మాత్రమే నాకు కావాలి. పైథాన్‌లో లైనును ఖాళీల దగ్గర ముక్కలు చేసే స్ప్లిట్ వాడితే ఒక లైనులో అంకె వస్తోంది, మరో లైనులో ‘ఎస్’ అనే అక్షరం వస్తోంది, ఇంకో చోట ప్రోగ్రామే ఆగిపోతోంది. ఫైలు పాడైందా?
- ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఫైలు నిక్షేపంలా ఉందమ్మా. చదివే పద్ధతే దానికి సరిపడదు. ప్రోగ్రామింగ్ పాఠాలన్నీ స్ప్లిట్‌తో మొదలై అక్కడే ఆగిపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. డేటా అంటే ఖాళీల మధ్య పేర్చిన మాటలేనని పిల్లలు అనుకుంటున్నారు.

మీ ఫైలులో కాలమ్‌ను నిర్ణయించేది ఖాళీ కాదు, స్థానం. పంచ్ కార్డుల కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. 1928లో ఐబీఎం తెచ్చిన కార్డులో 80 నిలువు గడులు ఉండేవి, ఏ గడిలో ఏముండాలో ముందే నిర్ణయం. మీ ఫైలులో ఒక్కో లైను 269 అక్షరాల పొడవు, ఒక కేంద్రానికి సంబంధించిన ఒక నెల. మొదటి 11 స్థానాలు కేంద్రం గుర్తు, తర్వాత 4 సంవత్సరం, 2 నెల, 4 కొలత పేరు. 22వ స్థానం నుంచి రోజుకు 8 చొప్పున 31 రోజులు. ఆ ఎనిమిదిలో 5 విలువకు, మిగిలిన మూడూ ఒక్కో అక్షరం గుర్తులకు.

ఇక్కడే స్ప్లిట్ బోల్తా పడుతుంది. గుర్తు లేని చోట ఖాళీ ఉంటుంది కాబట్టి ముక్కల సంఖ్య లైనుకో రకంగా మారుతుంది. కొలవలేనంత స్వల్పంగా వాన పడిన రోజు సున్నా పక్కనే ‘టి’ అంటుకుని ఉంటుంది, దాన్ని పూర్ణాంకంగా మార్చబోతే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఒకటో తేదీ విలువ లేకపోతే కొలత పేరుకు -9999 అతుక్కుపోయి కనిపిస్తుంది.

15వ తేదీ విలువ 134 నుంచి 138 వరకు ఉన్న స్థానాల్లో ఉంటుంది. పైథాన్ లెక్క సున్నాతో మొదలై చివరి అంకెను వదిలేస్తుంది కాబట్టి, లైనును వరుస అనే చలరాశిలో ఉంచుకుని వరుస[133:138] అని రాయండి. (పైథాన్ 3లో చలరాశికి తెలుగు పేరు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. పెట్టుకోండి, చదవడానికి హాయిగా ఉంటుంది.) వేరే తేదీ కావాలంటే, తేదీలోంచి ఒకటి తీసేసి 8తో గుణించి 21 కలపండి. పైథాన్ లెక్కలో విలువ మొదలయ్యేది అక్కడే. లినక్స్‌లో అయితే కట్ ఆదేశానికి మైనస్ సి పెట్టి 134-138 అంటే చాలు, అక్కడ లెక్క ఒకటితోనే మొదలవుతుంది.

స్ప్లిట్ పనికిరాదని కాదు. సర్వర్ లాగ్ వంటి వాటికి అదే సుఖం. టెక్స్ట్‌ను ముక్కలుగా చదివే ఆక్ అనే చిన్న భాష అయితే మరీ సుఖం, 1977లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది ఇలాంటి పనులకే. కామాల ఫైలుకు మాత్రం పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ వాడండి, కొటేషన్ గుర్తుల లోపల కూడా కామాలు ఉండవచ్చు.

అంకె చేతికొచ్చిందని వెంటనే గ్రాఫు గీయకండి. ఈ ఫైలులో ఉష్ణోగ్రతల లైన్లు కూడా కలిసి ఉంటాయి, 18 నుంచి 21 స్థానాల్లో పీఆర్‌సీపీ అని ఉన్నవే వర్షపాతానివి. -9999 అంటే కొలత లేదని అర్థం, దాన్ని కూడితే మొత్తం రుణసంఖ్యలోకి దిగిపోతుంది. సున్నాగా మార్చడం అంతకంటే ప్రమాదం, కొలవని రోజు వాన లేని రోజైపోతుంది. అనంతపురం వంటి కరవు సీమ గురించి రాసేటప్పుడు ఆ తేడా చెరిగిపోకూడదు. విలువ తర్వాత వచ్చే రెండో గుర్తు, అంటే 140వ స్థానం, ఖాళీగా లేకపోతే ఆ విలువ నాణ్యత పరీక్షలో తప్పిందని అర్థం, వదిలేయండి. మిగిలినవాటిని 10తో భాగించండి, ఫైలులో ఉన్నది మిల్లీమీటరులో పదో వంతు.